స్టార్టు కాని కారు పంపకం

తర్కశాస్త్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసి, ఈ ఇంటికి ఇప్పటికీ యజమానినైన నేను, మతి స్థిమితంగా ఉండగానే ఈ వీలునామా రాస్తున్నాను. నాకు మతి తప్పిందని నా కొడుకు ఒక డాక్టరు ఎదుటే అన్నాడు కనుక ఈ ముక్క ముందు రాయవలసి వచ్చింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. కోపం మాత్రం తెప్పించారు. కోపం బలవంతం కిందికి రాదని, దీనికి అమలుకర్తగా ఉండే నా లాయరు మిత్రుడు చెప్పాడు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది కొడుకుకూ కూతురికీ సమానంగా చెందవలెను. అందులో తగువు లేదు. తగువంతా కారు మీదనే.

2. పోయిన వేసవిలో కొడుకు నాతో మాటమాత్రం అనకుండా నా పాత కారును అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు వచ్చి తాళం తిప్పితే స్టార్టరు గిర్రున తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో ప్రతివాడూ మెకానిక్కే. చివరికి, నేను పోయిన మర్నాడు క్రేను పిలిచి కారును పాత ఇనుములో వేయించాలని హాల్లో తీర్మానించారు. అదే హాల్లో నేను పేపరు చదువుకుంటున్నాను.

3. కొడుకుకు: అతను ఒకదాని తర్వాత ఒకటి కొన్న కొత్త బ్యాటరీలు. స్టార్టరు అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీకేం రోగమని అడిగాను. “మీకు తెలీదు నాన్నా, లోపలికెళ్లి పడుకోండి” అన్నాడు. బ్యాటరీ పోతే స్టార్టరు మూలుగుతుంది, లేదా టక్కుమని ఊరుకుంటుంది. ఈ తేడా తెలియడానికి చెవులు చాలు. అవి అతనికి పుట్టుకతోనే ఇచ్చాను, మళ్లీ ఇవ్వనక్కర్లేదు.

4. అల్లుడుగారికి: పెట్రోలు డబ్బా, మూతతో సహా. చోకు పూర్తిగా లాగి, యాక్సిలరేటరును కుట్టుమిషనులా తొక్కి, ప్లగ్గులన్నిటికీ స్నానం చేయించి, ఇంజనుకు పెట్రోలు అందడం లేదని వారు ప్రకటించారు. వీధంతా పెట్రోలు కంపు. ఆయనకు జలుబని నా కూతురు సర్దిచెప్పింది. వేసవిలో పట్టిన జలుబు వానలు పడేదాకా ఉంది.

5. బావమరిదికి: మా వీధి చివరి పల్లం, అనుభవించగలిగినంత. అది మునిసిపాలిటీదని నాకు తెలుసు. అతనే సొంత ఆస్తిలా వాడుకున్నాడు. ఆదివారమైతే చాలు, ఇరుగుపొరుగును పోగేసి కారు తోయించేవాడు. తాను సీట్లో కూర్చుని, ఇంకాస్త, ఇంకాస్త అని చెయ్యి ఊపేవాడు. పల్లంలో ఆగిన కారును పైకి తోసుకురావలసినప్పుడు మాత్రం నడుం పట్టేసేది.

6. కోడలికి: కారు, సర్వహక్కులతో. కారణం రాస్తున్నాను. ముగ్గురూ బానెట్ చుట్టూ చేరి వాదించుకుంటుండగా ఆమె గుమ్మంలోకి వచ్చి, స్టార్టరు తిరుగుతోంది, పెట్రోలు వాసనా వస్తోంది, మరి ప్లగ్గుకు కరెంటు వస్తోందో లేదో చూశారా అని అడిగింది. నవ్వారు. బావమరిది టీ పెట్టుకురమ్మన్నాడు. ఆ రోజు టీ రాలేదు. మొత్తం వ్యవహారంలో నాకు సబబుగా తోచిన సంగతి అదొక్కటే.

7. కరెంటు రాదు. ప్లగ్గులకు దాన్ని పంచే రోటరు, డిస్ట్రిబ్యూటరు మూత కింద బొటనవేలంత ఉంటుంది. కొనేవాడు వస్తున్నాడని చెవిన పడగానే, అతను రాక ముందే దాన్ని నేను ఊడదీసి కళ్లజోడు పెట్టెలో దాచాను. ఇందుకు విచారించడం లేదు. ఆ మూతకున్నవి రెండు క్లిప్పులు. ఇన్ని నెలల్లో ఒక్క మగాడూ వాటి మీద వేలు పెట్టలేదు. కోడలు, అందరూ వెళ్లాక, మూత తీసి ఖాళీ చోటు చూసి నేరుగా నా గదికి వచ్చింది. ఇమ్మని అడగలేదు.

“అది మీ దగ్గరే ఉండనివ్వండి మామయ్యగారూ. పెట్టేస్తే అమ్మేస్తారు” అంది.

కళ్లజోడు పెట్టె కూడా ఆమెకే.

8. ఆమెకు డ్రైవింగ్ వచ్చా అని ఎవరికైనా సందేహం కలగవచ్చు. పెళ్లికి ముందే వచ్చు. ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు.

9. అమలుకర్త క్రేను కంటే ముందు రావలెను. కోడలు రోటరు బిగించి తాళం తిప్పునప్పుడు కొడుకు, అల్లుడు, బావమరిది గేటు తీసి పక్కన నిలబడవలెను. తోయనక్కర్లేదు.

తేదీ: 6 జూలై 2018

(సంతకం) కారు యజమాని

సాక్షులు:
ఎదురింటి టైలరు (తోయడానికి వచ్చి భుజం బెణికించుకున్నవాడు)
పక్కింటి పళ్ల డాక్టరు (తోయనని మొహం మీదే చెప్పినవాడు)