నురుగు పలక

ఫిబ్రవరి 20, న్యూయార్క్ రాష్ట్రం

వెండెల్ మామయ్యకి నమస్కారాలు.

మేపుల్ చెట్ల రసంతో పాకం కాచే గ్యాస్ పొయ్యిలో పలక పగిలిందనీ, అది చేసే కంపెనీ మూతపడిందనీ రాశారు. మా ప్రయోగశాలలో చేసేవి అలాంటివే. సిలికోన్ బంక పొడిని కరిగించి, బుడగలు పుట్టించే మందు కలిపితే రొట్టెపిండిలా పొంగుతుంది. గట్టిపడ్డాక, గాలి తగలని కొలిమిలో కాలుస్తాం. నల్లటి రాయవుతుంది, ఒళ్లంతా రంధ్రాలు. గ్యాస్ వాటిలోనే మండుతుంది.

కాల్చని తెల్ల పలక పంపుతున్నాను. రంధ్రాలు మీ పాతదానికంటే కాస్త పెద్దవిగా ఉన్నాయేమో చూసి తిప్పి పంపండి. అంతే పని.

మీ మేనకోడలు
కోరిన్

తా.క. అత్తయ్యని దాన్ని ఓవెన్‌లో పెట్టనివ్వకండి.

మార్చి 1, ఈస్ట్ కార్బీ, వెర్మాంట్

కోరిన్ తల్లీ,

పలక అందింది. రంధ్రాలు బాగున్నాయి. కొలతే నీకు సరిగ్గా అందినట్టు లేదు. నాలుగు వైపులా పొయ్యి చట్రం దాటి పోయింది. చదువు హడావిడిలో ఉంటావని నేనేమీ అనుకోలేదు. రంపంతో కోసి చక్కగా కూర్చోబెట్టాను. జున్నులా తెగింది. తిప్పి పంపుతున్నాను.

తొందరగా కాల్చు. చెట్లలో రసం కదిలేలా ఉంది. ఈ ఏడు పాకం కాచలేకపోతే మేపుల్ చెట్లన్నీ పక్కింటి థీబోకి కౌలుకిచ్చేస్తానని మీ అత్తయ్యకి మాటిచ్చాను. అతను అప్పుడే కాగితం రాయించి పెట్టుకున్నాడు.

నీ మామయ్య
వెండెల్

తా.క. కోసిన ముక్కలు మీ అత్తయ్య వంటింటి కిటికీ సందుల్లో కుక్కింది. చలిగాలి ఆగింది. ఇంకో పలక పంపితే పడకగదికీ సరిపోతుందట.

మార్చి 8

మామయ్యా,

మీ ఉత్తరం పెట్టె అడుగున ఉంది. నా కంటబడేసరికి, కొలిమి చూసే ఇగ్నాసియో పలకని కాల్చేశాడు. కాలితే అది నాలుగో వంతు కుంచించుకుపోతుంది! అందుకే పెద్దదిగా చేశాను.

మీరు నమ్మరని ఆ చిన్న పలకే పంపుతున్నాను, కళ్లారా చూడండి. కొత్తది మొదలుపెట్టాను. ఈసారి కాల్చాకే పంపుతాను. దయచేసి ఈలోగా దేన్నీ కొయ్యకండి.

కోరిన్

తా.క. పడకగది కిటికీకి దుప్పటి కుక్కమనండి.

మార్చి 14

కోరిన్ తల్లీ,

మొన్నటి ఎండకి రసం ఉరకడం మొదలైంది. తొట్టి నిండింది. నిలవుంటే పులుస్తుంది. థీబో కంచె దగ్గర నిలబడి, "ఏం వెండెల్, రసాన్ని ఎండబెడతావా?" అన్నాడు.

"నువ్విలాగే చూస్తూ ఉండు, నీ చూపుకే కాగుతుంది" అన్నాను.

పలకని పెంచడం నా వల్ల కాదు. చట్రాన్ని తగ్గించడం అవుతుంది. లోపల ఇనుప పట్టీలు వేసి వెల్డింగ్ చేశాను. నీ నల్ల పలక బిగుతుగా కూర్చుంది. ముట్టించగానే ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రబడింది. మీ అత్తయ్య కుర్చీ తెచ్చుకుని దాని ముందు కూర్చుంది.

ఇక కొత్తది చెయ్యకు.

వెండెల్

తా.క. కొయ్యొద్దన్నావు. కొయ్యలేదు, అతికించాను.

మార్చి 14

మామయ్యా,

పెద్ద పలక సిద్ధం. ఒక్క పగులు లేదు. మీ చట్రం కొలతకి వెంట్రుకవాసి తేడా లేదు. దీంతోపాటే పంపుతున్నాను.

కోరిన్

తా.క. ఈసారి పట్టకపోతే ఈ ఉద్యోగం మానేసి వచ్చి మీ దగ్గర బకెట్లు మోస్తాను.

మార్చి 22

కోరిన్ తల్లీ,

పలక వచ్చింది. పట్టలేదు. ఉద్యోగం మానకు.

నిన్న థీబో కౌలు కాగితం పట్టుకుని వచ్చాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి, ఆవిరినీ ఎర్రటి పలకనీ చాలాసేపు చూశాడు.

"ఎక్కడ కొన్నావ్?"

"కొనలేదు. మా మేనకోడలు పొంగించింది."

అప్పుడు టోపీ తీశాడు. మొన్న అతని పలకా పగిలిందట. అదే కంపెనీ పొయ్యి, అదే కొలత చట్రం. తొట్టి పొంగి పొర్లుతోందట. కౌలుకి చెట్లు అడగడానికి వచ్చినవాడు, "నా రసం కూడా నీ పొయ్యి మీదే కాచుకోనిస్తావా?" అన్నాడు.

వరండాలోంచి నీ పెద్ద పలక తెచ్చి చేతిలో పెట్టాను. సాయంత్రానికి అతని షెడ్డులోంచీ ఆవిరి లేచింది.

మా చిన్న పొయ్యి నెమ్మదిగా కాస్తోంది. అయితేనేం, పాకం మాడటం లేదు. మొదటి సీసా నీకే.

నీ మామయ్య
వెండెల్

తా.క. ఇంట్లో తెల్ల కాగితం దొరకలేదు. ఇది థీబో మా బల్ల మీద వదిలేసి వెళ్లాడు. వెనక్కి తిప్పి చూడు, కౌలు ఒప్పందం. ఉత్తరాలు రాసుకోవడానికి బాగుంది.