కుళాయికి కట్టిన ఎర్రగుడ్డ

అన్నా,

నువ్వు డ్రైవరుగా నడిపిన సంస్థానం వారి పాత కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. చలి ముదిరినా హీటరు గోరువెచ్చగానే ఊదుతోంది. కారు బాగుచేసే జగదల్‌పూర్ మిస్త్రీ మంచి పైపు కాజేశాడని నా అనుమానం. అతను బానెట్ ఎత్తి, ఇంజను నుంచి హీటరుకు వేడినీళ్ళు వదిలే, ఎర్రగుడ్డ కట్టి ఉన్న కుళాయి మీద చెయ్యి వేయబోతే ఆపాను.

"ముట్టకు! అది మా అన్న దంతేశ్వరి తల్లికి కట్టిన మొక్కు."

వాకిట్లో ఉన్న వదిన నవ్వింది. "మొక్కేంది? అది నా చీరముక్క. ఎండలు రాంగనే మీ అన్న కుళాయి మూసి, గుర్తుకు కట్టేటోడు. చలి రాంగనే విప్పేటోడు."

నువ్వు ఎండల్లోనే పోయావు. మూసే ఉండిపోయినా, అరిగిన కుళాయి కాబట్టి ఆ కాస్త వేడైనా వస్తోంది.

ముడి విప్పి కుళాయి తిప్పాను. వదినను ముందు సీట్లో కూర్చోబెడితే, వేడిగాలి పాదాలకు తగలగానే మొహం తిప్పుకుంది.

మిస్త్రీ మీద మాత్రం నా అనుమానం పోలేదు.