పేరు పెట్టి పిలవని సైకిలు

వడమాలపేట
శుక్రవారం

శ్రీవారికి,

పంకజాక్షి నమస్కారాలు. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. ఐదో తరగతితోనే బడి మానేసినదాన్ని. ఫోన్ చేద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ అత్తమ్మ దగ్గర ఉండాది. ఆమెకు చెవుడు కదా, స్పీకరు పెట్టిందంటే వీధంతా వింటుంది. మీరు "తిన్నావా" అని అడిగితే ఎదురింటి వాళ్ళు "తినింది" అని జవాబు చెప్తారు. అందుకే ఈ కాగితాన్ని క్యారియరులో అప్పళాల కింద పెట్టి పూల అక్కమ్మ చేతికిస్తున్నాను. రోజూ మల్లెపూలు అమ్మడానికి తిరుచానూరు పోయి, అక్కడి నుంచి ఆమె మీ షాపు ముందరికే వస్తుంది. పైగా ఆమెకు చదువు రాదు, భయం లేదు.

అసలు సంగతి ఏమంటే, నిన్న ఖాళీ క్యారియరులో మీరు పంపిన చీటీ చదివినాను. "పొద్దున్నే మెరిడాను తుడిచి ముందర నిలబెట్టినా. బియాంకీ మీద మాత్రం ఓనరు చెయ్యి వేయనీడు. ఎంత సన్నంగా ఉండాదో, సముద్రం పచ్చ రంగు" అని రాసినారు. చదివినాక నాకు అన్నం సయించలేదు. నేను ఏమీ అడగను. టౌనులో పని అంటే నాలుగు రకాల మనుషులు వస్తారు. కానీ ఆ మెరిడాను మీరు ఎందుకు తుడవాలి? ఆమెకు చేతులు లేవా?

ఇట్లు,
మీ భార్య పంకజాక్షి

తా.క.: ఈరోజు పప్పులో ఉప్పు వేసినానో లేదో జ్ఞాపకం లేదు. తప్పు నాది కాదు, బియాంకీది.

*

తిరుపతి
శనివారం

పంకజాకు,

నీ ఉత్తరం చదువుతా గాలి కొట్టే పైపు సంగతి మర్చిపోయినా. ట్యూబు పేలింది. షాపంతా అదిరిపడింది.

అవి ఆడవాళ్ళు కాదు మే, సైకిళ్ళు! ఫారిన్ సైకిళ్ళు!

మంచిమాట ఒకటి దాచిపెట్టినా, ఇప్పుడు చెప్తా. మా ఓనరు దయానంద్ సారు నన్ను పంక్చర్ల బెంచీ మీద నుంచి లేపి, ఇస్త్రీ చొక్కా తొడిగించి, అమ్మే కౌంటరులో నిలబెట్టినాడు. దీపావళి దాకా చూస్తాడంట. నిలబడితే తిరుచానూరు రోడ్డులో ఒక గది తీసుకుని నిన్ను పిలుచుకొస్తా. లేదంటే మళ్ళీ బెంచీ, షాపు మిద్దె మీద పడక, నెలకు రెండుసార్లు నీ మొహం చూడడం. అంతే.

అమ్మడం కష్టం కాదు. పేర్లే కష్టం. మీ తాత హెర్క్యులిస్ సైకిలును "హరికిలీసు" అంటే ఊరంతా హరికిలీసే అన్నారు, ఎవురూ తప్పు పట్టలేదు. ఈడ అట్ల కాదు. ఒక లెక్చరరు వచ్చి "ప్యూజియట్ సైకిలు చూపించు" అన్నాడు. పక్కనున్న కొడుకు "అయ్యో నాయనా, పూజో" అని తల పట్టుకున్నాడు. ఇద్దరూ అలిగి చెరొక ఆటో ఎక్కి వెళ్ళిపోయినారు. అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నా. ముందు నోరు తెరవను. వాళ్ళు ఏమంటే నేనూ అదే. బియాంచి అంటే "బియాంచి సార్", బియాంకి అంటే "బియాంకి మేడం".

ఇప్పుడు చిక్కు వచ్చిపడింది. రేపు మంగళవారం డాక్టరు దంపతులు ఆ బియాంకీ కోసం వస్తున్నారు. హేమచంద్ర సారు "చి" అంటాడు, ఉదయలక్ష్మి మేడం "కి" అంటుంది. సైకిలు మీద చంద్రగిరి దాకా పోయి వచ్చేంతసేపూ ఇదే పోట్లాటంట. ఓడినవాళ్ళు వంట చేయాలని పందెం. తీర్పు నేను చెప్పాలంట! ఒకరిని గెలిపిస్తే ఇంకొకరు కొనరు. షాపులోకెల్లా ఖరీదైన సైకిలు అది. నాకైతే ఏమీ తోచడంలేదు.

ఇట్లు,
నీ మొగుడు

తా.క.: పప్పులో ఉప్పు లేదు. సాంబారులో రెండింతలు ఉండాది. రెండూ కలుపుకుని తిన్నా, సరిపోయింది.

*

వడమాలపేట
సోమవారం

శ్రీవారికి,

సిగ్గుతో రాస్తున్నాను. మెరిడాకు, బియాంకీకి నా క్షమాపణలు చెప్పండి.

గది మాట చదివిన దగ్గర నుంచి నాకు నిద్ర రావడంలేదు. గదిలో పొయ్యి ఏ మూలన పెట్టాలో కూడా అనుకున్నాను. అందుకే చదువు లేనిదాన్నయినా ఒక మాట చెప్తున్నాను.

పేరు చెప్పకుండా పని జరగదని మీరు అనుకుంటున్నారు. మీ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నేను చేస్తున్న పని అదే కదా! మీ పేరు నా నోట ఎప్పుడన్నా విన్నారా? అయినా ఏ పనీ ఆగలేదు. "ఈయన వచ్చినారు" అంటాను, "ఇదిగో" అంటాను, "మీ అబ్బాయి" అంటాను. గాజులు కదిలిస్తే కూడా మీరు తిరిగి చూస్తారు. మీరూ అట్లే చెయ్యండి. "ఈయన బరువు తక్కువ మేడం. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా విసుక్కోడు" అనండి. పేరు ఏమని గట్టిగా అడిగితే, ఇంటికి తీసుకుపోయే ఆయన్ను పేరు పెట్టి పిలవకూడదు, ఆయుష్షు తగ్గుతుంది అనండి. మా అమ్మ నాకు చెప్పి పంపించింది అదే.

ఇట్లు,
మీ భార్య పంకజాక్షి

తా.క.: ఒక్కసారి మాత్రం ఈ పద్ధతి చెడింది. మొన్న సర్వేకు వచ్చిన అబ్బాయి మీ పేరు అడిగితే, నేను సిగ్గుపడి పెరట్లో తులసికోట చూపించినాను. వాడు "కోటయ్య" అని రాసుకుని పోయినాడు. ఏదన్నా కాగితం కోటయ్య పేరున వస్తే అది మీదే, తీసుకోండి.

*

తిరుపతి
గురువారం

పంకజాకు,

నువ్వు చెప్పినట్టే చేసినా. పని జరిగింది. జరగకూడనంత జరిగింది.

డాక్టర్లు ఇద్దరూ వచ్చి నా మొహంలోకి చూస్తా నిలబడినారు. "చెప్పబ్బా, చి నా, కి నా?" అన్నారు. నేను చేతులు కట్టుకుని, "సార్, ఇంటికి వచ్చే ఆయన్ను మేము పేరు పెట్టి పిలవం. మా ఇంట్లో ఆమె కూడా నన్ను పిలవదు" అన్నా. ముందు మేడం నవ్వింది, తర్వాత సారూ నవ్వినాడు. అడ్వాన్సు ఇచ్చి, మేడం ఎత్తుకు సరిపోయేది తెప్పించమన్నారు.

ఆడితో ఆగి ఉంటే బాగుండేది. దయానంద్ సారుకు ఈ పద్ధతి తలకెక్కింది. "ఇకమీదట మన షాపులో ఏ సైకిలునూ పేరు పెట్టి పిలవకూడదు, ఇది మన షాపు మర్యాద" అన్నాడు. బిల్లు మీద కూడా "ఆయన, ఒకటి" అని రాయించినాడు. అంతటితో ఊరుకోక, మదరాసు గోడౌనుకు తనే ఫోన్ చేసి, "ఆయన్ను పంపించండి, పచ్చగా ఉంటారు" అన్నాడు. గోడౌను వాళ్ళు "పెద్దవారా, చిన్నవారా?" అని అడిగినారు. ఈయన "కొత్తవారు" అన్నాడు.

ఈ పొద్దు పార్సిలు వచ్చింది. పసిపిల్లలు తొక్కేది. పచ్చగానే ఉండాది. వెనక రెండు చిన్న చక్రాలు, ముందర పీపీ. బిల్లు మీద "ఆయన" అని ఉంటే చాలని, దయానంద్ సారు అది చూడకుండానే డాక్టర్ల ఇంటికి పంపించేసినాడు కూడా!

సంగతి తెలిసినాక కౌంటరులో ఉన్న మమ్మల్ని ముగ్గురినీ బెంచీ మీదికి దించినాడు. నా ఇస్త్రీ చొక్కా తీసేసుకున్నాడు. నువ్వు బాధపడొద్దు. గది ఇప్పట్లో లేనట్టే.

ఇట్లు,
నీ మొగుడు

తా.క.: ఆ పీపీ మాత్రం బాగుండాది. పార్సిలు కట్టేముందు ఒకసారి మోగించినా.

*

వడమాలపేట
సోమవారం

శ్రీవారికి,

ఈ ఉత్తరం అందే వేళకు మీరు మళ్ళీ కౌంటరులో నిలబడి ఉంటారు. ఎందుకో మీకు తెలిసి ఉండదు. నేను చెప్తాను, కూర్చుని చదవండి.

నిన్న పొద్దున నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే సైకిళ్ళ మీద ఇద్దరు వచ్చి దిగినారు. నెత్తిన టోపీలు, కళ్ళకు నల్లద్దాలు. ఆమె నన్ను చూసి, "పంకజాక్షివి నువ్వేనా? పప్పులో ఉప్పు వేయడం గుర్తుంటోందా ఇప్పుడు?" అన్నాది. నా చేతిలో చెంబు జారి పడింది.

ఉదయలక్ష్మి డాక్టరమ్మంట! అక్కమ్మకు చదువు రాదన్నాను కదా. అందుకని ఆమె మన ఉత్తరాలను దోవలోనే విప్పి, తిరుచానూరులో పక్క అంగడి పిల్ల చేత చదివించుకునేదంట. పూలు అమ్మేవాళ్ళంతా చుట్టూ చేరి వినేవాళ్ళంట. ఒకనాడు ఉత్తరం లేకపోతే "ఈ పొద్దు ఏమైందో" అని దిగులుపడేవాళ్ళంట. డాక్టరమ్మ అక్కడే పూలు కొంటుంది, ఆమె కూడా అన్నీ విన్నాదంట. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది నాకు.

"ఆ పిల్లల సైకిలు చూసి మేమిద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వినాం. మాకు కోపం లేదు. మీ ఆయన్ను కౌంటరులోకి తెమ్మని ఇప్పుడే చెప్తాను" అని ఆమె దయానంద్ సారుకు ఫోన్ చేసింది. ఆయన, "బెంచీ మీద ముగ్గురు ఉండారు మేడం, ముగ్గురూ పేరు పెట్టి పిలవనివాళ్ళే. ఎవరిని లేపమంటారు? పేరు చెప్పండి" అన్నాడు.

ఆమెకు మీ పేరు తెలియదు! నా ఉత్తరాల్లో ఉంటే కదా. మీరు కూడా "నీ మొగుడు" అని పెట్టి ఊరుకుంటిరి. అత్తమ్మను అడిగితే "మజ్జిగ ఉండాది, తాగుతారా" అన్నాది. ఎప్పుడూ అడగకుండానే జవాబు చెప్పే ఎదురింటి వాళ్ళు ఆ వేళకు నోరు మూసుకుని గోడ మీద నుంచి నన్నే చూస్తా ఉండారు. ఫోనులో దయానంద్ సారు "హలో, హలో" అంటా ఉన్నాడు, పెట్టేసేటట్టు ఉండాడు. నాకు గది కనిపించింది, పొయ్యి మూల కనిపించింది. కళ్ళు మూసుకుని మీ ఆయుష్షుకు దండం పెట్టుకుని చెప్పేసినాను.

గట్టిగా చెప్పినానంట. అత్తమ్మకు కూడా వినిపించింది. "ఏమ్మే, మా తొలిసిగాడిని పిలుస్తా ఉండావా?" అని బయటికి వచ్చింది. ఫోనులో దయానంద్ సారు "ఓ, మన టుల్సీనా!" అన్నాడు.

డాక్టరు సారు నవ్వి, "విన్నావా ఉదయా, ఒక్క మనిషికి మూడు రకాలు. ఎట్ల పిలిచినా తిరిగి చూసేది వాడే కదా" అన్నాడు. ఆమె, "సరే, నువ్వు చి అనుకో, నేను కి అనుకుంటా. వంట మాత్రం నువ్వే" అన్నాది. వాళ్ళు మజ్జిగ తాగి పుత్తూరు వైపు తొక్కుకుంటూ పోయినారు.

ఇక అత్తమ్మ సంగతి. జరిగిందంతా ఆమె చెవిలో అరిచి చెప్పినాను. ఆమె, "పెద్ద సైకిలు అడిగితే పీపీ సైకిలు తెప్పించే షాపులో వాడిని ఒంటరిగా వదిలిపెడితే ఎట్లా? దీపావళి దాకా ఎందుకు, గది చూడమను. నువ్వు పోయి పక్కనుండు" అన్నాది. నా గాజులు వాటంతట అవే కదిలినాయి.

ఇట్లు,
తులసీరాం గారి భార్య
పంకజాక్షి

తా.క.: ఈ ఒక్క ఉత్తరం అక్కమ్మకు ఇవ్వలేదు, బస్సు కండక్టరు చేతికిచ్చినాను. ఆమె అలిగింది. మీ పేరు నేను రాసింది ఇదే మొదలు, ఎవరి కంటా పడకూడదు. చదివిన వెంటనే కాల్చేయండి. మన పేర్లు పక్కపక్కన ఎట్ల ఉన్నాయో ఒకసారి చూసుకుని, తర్వాత కాల్చండి.