వదినకి సగం

జూన్ 6, 1983. సోమవారం
మళ్ళీ వాన. విశాఖపట్నం నుంచి పెట్టె వచ్చింది — నంబర్లు వేసిన సీసాలు. కొన్నిట్లో దురదలకిచ్చే ఎలర్జీ మాత్ర, కొన్నిట్లో పోల్చి చూడ్డానికి ఉత్త సుద్ద మాత్ర. ఏది ఏదో నాకు చెప్పరు. రొమ్ములో గడ్డ తీయించుకున్నవాళ్ళకి ఏడాది పాటు ఇవ్వాలి. ఆడవాళ్ళ హార్మోను తాగి పెరిగే గడ్డల్ని ఈ మాత్ర ఆపుతుందేమోనని పెద్ద డాక్టరుగారి ఆశ. "మీరు రాసే కాగితాలే మాకు కళ్ళు సిస్టర్" అన్నారు. కళ్ళే సరే... క్వార్టర్సుకి వెళ్తే పలకరించే మనిషి లేదు.

జూన్ 9
మామిడికుదురు నుంచి మార్తమ్మ, వెంకాయమ్మ. పక్కపక్క ఇళ్ళు, చుట్టరికం లేకపోయినా వదినా అంటే వదినా అనుకుంటారు. ఇద్దరికీ పోయిన నెలలోనే ఆపరేషన్. మార్తమ్మకి నాలుగో నంబరు, వెంకాయమ్మకి ఏడు. కొన్ని సీసాల్లో ఉత్త సుద్దేనని వాళ్ళకీ చెప్పేను. ఇద్దరికీ కలిపి ఒకటే క్యారేజీ. వరండాలో తింటూ నన్నూ పిలిచేరు. డ్యూటీ అన్నాను. ఎందుకన్నానో.

జులై 14
మాత్ర వేసుకుంటే తూగొస్తోందట మార్తమ్మకి. "పొయ్యి దగ్గరే కునుకండీ." వెంకాయమ్మకి ఏమీ లేదు. అయితే నాలుగు అసలుది, ఏడు సుద్ద. తెలియకూడనిది తెలిసిపోయింది. ఎవరితోనూ అనను. అనడానికి ఎవరున్నారు గనక.

ఆగస్టు 11
ఇవాళ ఇద్దరూ తూగుతున్నారు.

ఆగస్టు 12
పొద్దున్నే బస్సెక్కి వాళ్ళ వీధికి వెళ్ళేను. గోడ మీంచి పులుసు అటు, పచ్చడి ఇటు. పులుసు గిన్నె మూత మీద రెండు అర మాత్రలు. మార్తమ్మ కత్తిపీటతో కోసిందట. రోజూ రెండు సీసాలవీ చెరిసగం. "కూర పంచుకుని మందు దాచుకుంటామా అండీ" అంది వెంకాయమ్మ. ఒళ్ళు మండింది. నా రెండు నెలల కాగితాలు... తిట్టేను కూడా. వాళ్ళు నవ్వి పీట వేసేరు. ఎన్నాళ్ళకో ఒకరింట్లో తిన్నాను. ఏడుపొచ్చింది.

ఆగస్టు 13
రాస్తే ఇద్దర్నీ ఈ మందు పరీక్షలోంచి తీసేస్తారు, సీసాలు వెనక్కి. రాయకపోతే కాగితం అబద్ధం. రేపు ఎక్కడో ఎవరికో ఆ అబద్ధాన్ని నమ్మి మందిస్తారు. అసలా మాత్ర పనిచేస్తుందో లేదో దేవుడికే తెలియాలి.

సెప్టెంబరు 8
వెంకాయమ్మ చంకలో మళ్ళీ గడ్డ. నా వేళ్ళకే తగిలింది. ఆవిడ చీర సర్దుకుంటుంటే మార్తమ్మ నన్ను పక్కకి లాగింది.
"నా సీసాయే అసలుదాండీ? అయితే సగం కాదు, మొత్తం వదినకే ఇచ్చేస్తాను."
"నాకు తెలియదమ్మా" అన్నాను.
"ఆయ్" అంది. నమ్మింది.

సెప్టెంబరు 9
సోమవారం విశాఖ వాళ్ళొస్తారు. 'మాత్రలు సరిగా వేసుకున్నారా' అన్న గడి ఇంకా ఖాళీ. మార్తమ్మ నిన్న గిన్నె ఒకటి వదిలి వెళ్ళింది, చేపల పులుసు. ఒక్కదాన్నే తిన్నాను. గిన్నె కడిగేను. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదంటారు ఇక్కడ...
ఏం పెట్టి పంపను.