టోకెన్ వాపసు ఇవ్వని వాళ్లు

తాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నీ మాట నన్ను గెలిపించింది.

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల కోసం మేం ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో మాక్ టెస్ట్ పెడతాం. రెండు వారాలుగా అది గంట కాగానే ఆగిపోతోంది. మా టీం నడిపే స్వప్నక్క, "ఈసారి గిట్ల ఆగితే బంద్ చేసుడే. పిల్లలను ఎన్నిసార్లు పరేషాన్ చేస్తం?" అంది.

సర్వర్ తాను తెరిచే ప్రతి కనెక్షన్‌కూ, తన దగ్గరున్న కొన్ని నంబర్లలోంచి ఒకటి ఇస్తుంది. కనెక్షన్ మూస్తే ఆ నంబరు వాపసు వస్తుంది. వాపసు, నీ దగ్గర నేర్చుకున్న మాట. మాకు నంబర్లన్నీ అయిపోతున్నాయి, ఎక్కడ చిక్కుకున్నాయో తెలియలేదు.

అప్పుడు చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర, లోపలికి వెళ్లేవాళ్లకు టోకెన్ ఇచ్చి బయటికి వచ్చేటప్పుడు వాపసు తీసుకునే నువ్వు గుర్తొచ్చావు. సాయంత్రం టోకెన్లు తగ్గితే నవ్వేవాడివి. "పుస్తకం దొరికినోడు టోకెన్ ఇచ్చే పోతడు బిడ్డా. దొరకనోడే చిరాకుల జేబుల ఏసుకొని పోతడు."

అందుకే విఫలమైన రిక్వెస్టులనే వెతికాను. మార్కులు దాచే రెండో సర్వర్ జవాబివ్వనప్పుడు, మా ప్రోగ్రాం కనెక్షన్ మూయకుండానే వదిలేస్తోంది. జవాబు వచ్చినా రాకపోయినా మూసేలా మార్చాను.

ఇవాళ పరీక్ష మూడు గంటలూ నడిచింది! చివరికి నంబర్లన్నీ వాపసు వచ్చాయి.

"ఎవరు నేర్పిండ్రే నీకు?" అంటూ అక్క నా వీపు చరిచింది.

"మా తాత."

"ఇంజినీరా?"

"కాదక్కా, లైబ్రరీ గేటు కాడ టోకెన్లు ఇచ్చేటోడు."

బళ్లో ఈ మాట చెప్పడానికి సిగ్గుపడేదాన్ని తాతా. ఇవాళ అందరికీ వినపడేలా ఇంకోసారి చెప్పాను.