హరి పళ్ళు తీయించాం

బెంగళూరు,
ఆదివారం.

ప్రియమైన సుగుణక్కకు నీ చెల్లెలు రేవతి నమస్కారాలతో రాస్తున్నది.

మేం ఇక్కడ ఎలాగో ఉన్నాం. నువ్వు, బావ, అమ్మ, నాయన చల్లగా ఉండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. నీకు అయిదో నెల కదా, బిందెలు ఎత్తకు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మా ఆయనకు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని కుదిరింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మాదిరి సీజను అయిపోగానే ఇంటికి పొమ్మనరు. ఇక్కడ ఎప్పుడూ చినుకులే, మా హరిగాడి గుడ్డలు ఆరవు. సాంబారులో బెల్లం వేస్తారు, వాడికది నచ్చింది. నాకు మాత్రం ముద్ద దిగదు. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కొంచెం చెనిక్కాయల ఊరిబిండి పంపు, ఆ పచ్చడితోనైనా నాలుగు ముద్దలు తింటాను. పక్కింటివాళ్ళు మంచివాళ్ళేగానీ వాళ్ళ కన్నడం నాకు రాదు, నా ఏడుపు వాళ్ళకు తెలియదు.

హరి జబ్బేమిటో తెలిసిందక్కా. కాళ్ళూ చేతులూ మెలి తిరుగుతున్నాయని పుత్తూరు తీసుకెళితే, కట్టు కట్టే పెద్దాయన "ఇది ఎముకలది కాదు తల్లీ, పెద్దాస్పత్రికి పో" అన్నాడు కదా. నిజమే చెప్పాడు. ఇక్కడి డాక్టరమ్మది మదనపల్లె. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"సూడమ్మా, మన ఒంట్లో కణాలకు న్యూక్లియోటైడ్లని కావాల. వంశం రాతంతా వాటితోనే. కొత్తగా చేసుకునేది కష్టం. అందుకని పాతవి విడిపోతే ఆ ముక్కల్ని ఏరుకోని మళ్ళా వాడుకుంటాయి. మీవాడికి ఆ పని చేసే ఎంజైమ్ పుట్టుకతోనే లేదు. ముక్కలన్నీ యూరిక్ యాసిడ్ అయిపోతాండాయి. కణాలేమో చాలక కొత్తవి ఇంకా ఎక్కువ చేస్తాండాయి."

చంటిగా ఉన్నప్పుడు వాడి గుడ్డల్లో నారింజరంగు ఇసుక కనబడేది, గుర్తుందా? అదే ఇది. ఆ యాసిడ్ మూత్రపిండాలను పాడుచేయకుండా మాత్రలతో ఆపవచ్చట. పెదవులు, వేళ్ళు కొరుక్కోవడం మాత్రం ఆగదట.

"నావల్ల వచ్చిండాదా మేడమ్?" అని అడిగాను.

"నీ దారిన వచ్చిండాది. నీ తప్పు కాదు."

నొప్పి తెలియక కొరుక్కుంటున్నాడనుకున్నాం కదక్కా. తెలుస్తుందట. వద్దనుకున్నా చెయ్యి నోట్లోకి పోతుందట. పాతచీర చింపి మోచేతులు మడవకుండా కడితే నవ్వుతూ ఆడుకుంటాడు. స్నానానికి విప్పితే చాలు, వణికిపోతూ "కట్టుమా, కట్టుమా" అని అరుస్తాడు. కింది పెదవి సగం పోయింది. చివరికి పళ్ళన్నీ తీసేయాలన్నారు. మా ఆయన సంతకం పెట్టి బయటకెళ్ళి గోడకు తల ఆనించుకుని నిలబడిపోయాడు. మత్తు వదిలాక హరి నాలుకతో నోరంతా వెతుక్కున్నాడు. "పల్లు యాడమా?" అన్నాడు.

గాలి సోకి వేళ్ళు నమిలేవాడని అవ్వ చెప్పే మన చిన్నమామకూ ఇదే జబ్బయి ఉంటుందని డాక్టరమ్మ అంది. అదే అయితే అవ్వనుంచి అమ్మకు, అమ్మనుంచి నాకు వచ్చింది. నీకు వచ్చిందో లేదో పరీక్ష చేస్తేగాని తెలియదు. ఆడవాళ్ళు దీన్ని మోస్తారేగాని జబ్బు పడేది మగబిడ్డలేనట, ఆడబిడ్డయితే దాదాపు భయం లేదు. నీలో ఈ లోపం ఉన్నా మగబిడ్డకు తప్పక రావాలనేం లేదు. బావను తీసుకుని వేలూరు పెద్దాస్పత్రికి వెళ్ళు, ఆలస్యం చేయకు. కడుపుతో ఉన్నదానికి ఇలాంటివి రాయవచ్చా అని మా ఆయన వద్దన్నాడు. రాయకపోతే నేనేం చెల్లెలిని? అమ్మకు మాత్రం చెప్పకు. తనవల్లే అనుకుంటుంది.

నాయనకు, బావకు నా నమస్కారాలు. నీ దీవెన మాకు కావాలి.

ఉత్తరం ముగిస్తుంటే "పెద్దమ్మకు దండం పెట్టరా" అన్నాను. హరి కట్టిన చేతులకేసి చూసుకుని, "ఇప్పుమా" అన్నాడు. వాడు కట్టు విప్పమనడం ఇదే మొదటిసారి. విప్పాను. చేతులు కలవలేదు, నేనే పట్టి కలిపాను. అందుకో అక్కా.

నీ చెల్లెలు
రేవతి