బ్యారేజీ మీద చివరి మనిషి

సత్యం,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ ఉదయం ధవళేశ్వరం బ్యారేజీ మీద మన ఆఫీసు వాళ్ళు మళ్ళీ జట్ల పరుగు పెట్టారు. అదే పాత నియమం, జట్టులో చివరి మనిషి గీత దాటిన సమయమే లెక్క. రిటైరైన మాకు కుర్చీలు వేశారు. నీ ఉద్యోగంలో చేరిన మీ అమ్మాయి సుజాత కూడా పరిగెత్తింది. చలాకీ పిల్ల, అయినా తన జట్టులో ఆఖరున వచ్చింది. ఆమెకు రెండడుగుల ముందు లావుపాటి హెడ్ గుమాస్తా రొప్పుతూ వచ్చాడు.

"అచ్చం మీ నాన్నేనమ్మా!" అన్నాను. నా నోరు నీకు తెలుసుగా.

"మా హెడ్ గుమాస్తా గారు ఆఖరున వస్తే అందరూ ఏడాదంతా ఏడిపిస్తారండి బాబాయ్ గారూ. అందుకే వెనక ఉండిపోయాను. అప్పట్లో మీకు ఆయాసమొస్తే నాన్న మీ వెనకే పరిగెత్తారంట కదండీ?"

ఆనాడు మనం ఓడింది నీవల్లేనని ముప్పై ఏళ్ళు ఊరంతా చెప్పాను. చదివిన చదువంతా నిన్ను ఎగతాళి చేయడానికే వాడాను. ఒక్కసారైనా నన్ను తిట్టి నిజం చెప్పలేదేం, పెద్దమనిషీ?

నీ సంతాప సభలో కూడా ఆ కథే చెప్పి అందరినీ నవ్వించాను. ముందు వరుసలో మీ అమ్మాయి తలవంచుకుంది. తండ్రిని తలుచుకుని సిగ్గుపడుతోందనుకున్నాను.